సొన పడని దోటి కొత్తదేనా? ఉచిత పేటెంట్ సెర్చ్ సేవలకు ఒక మామిడి ఐడియాతో పరీక్ష

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి కోతలు మొదలయ్యాయంటే ఏదో ఒక వర్క్‌షాపులో ఓ కొత్త దోటి తయారవుతూనే ఉంటుంది. కాయను తొడిమతో సహా కోయాలి, కింద పడనివ్వకూడదు, సొన తొక్క మీద కారకూడదు. ఆలోచన మంచిదే. చూసినవాళ్లు వెంటనే "పేటెంట్ చేయించు, ఎవరైనా కాపీ కొడతారు" అంటారు. అక్కడి నుంచి ఖర్చు మొదలవుతుంది: ఏజెంటు ఫీజు, అచ్చులు, నమూనాలు, కొన్నిసార్లు అప్పు. ఆ డబ్బు తీసే ముందు ఐడియాలో పస ఉందో లేదో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని సేవలు ఉన్నాయి. భారత పేటెంట్ కార్యాలయం వారి సెర్చ్ సైటు ఇన్‌పాస్, గూగుల్ పేటెంట్స్, యూరోపియన్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాస్‌నెట్ వాటిలో ముఖ్యమైనవి. మూడింటికీ ఈ దోటి ఐడియానే ఇచ్చి, ఎంతవరకు పనికొస్తాయో ఇక్కడ చూస్తున్నాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి సాయంత్రానికి గూగుల్ పేటెంట్స్ చాలు. ఇన్‌పాస్ వాడటం కష్టం, కానీ దానికి ప్రత్యామ్నాయం లేదు. ఎస్పాస్‌నెట్ ముఖ్యంగా ఒక్క పనికే కావాలి, ఆ పనిలో మాత్రం దాన్ని మించింది లేదు. ఈ మూడూ చెప్పేది ఐడియా కొత్తదా కాదా అన్న సంగతే. తయారు చేస్తే ఎవరైనా కొంటారా అన్నది తోటలో తేలాలి. దోటి విషయంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

సెర్చ్ పెట్టెలో మాట కొట్టే ముందు ఐడియాను కాగితం మీద ముక్కలు చేయాలి. ఈ పని చేయకుండా వెతికితే ఏ సేవైనా చెత్తే ఇస్తుంది. మన దోటిని ఇలా విడగొట్టవచ్చు: పొడవు మార్చుకోగల కర్ర, కొసన తీగ లాగితే మూసుకునే కత్తి, కత్తికి ఆనుకుని ఉండి కోసిన తొడిమను పట్టుకునే పట్టకారు, కాయను తొడిమ కిందికి ఉండేలా తిప్పే ఏర్పాటు, కారే సొనను పట్టే చిన్న గిన్నె. మొత్తం ఐదు ముక్కలు. ఐదూ ఒకే పాత పత్రంలో కనబడితే కొత్తదనం పోయినట్టే. మూడు ఒకచోట, రెండు మరోచోట ఉండి, ఆ పనిలో ఆరితేరినవాడికి రెంటినీ కలపాలని సులభంగా తట్టేదైతే, చట్టం అడిగే ఆవిష్కరణ మెట్టు లేనట్టు. కొత్తదనం దాటి ఇక్కడ పడిపోయే ఐడియాలు ఎక్కువ.

తర్వాత ప్రతి ముక్కకూ ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో రాసుకోవాలి. కోసే పనిముట్టుకు హార్వెస్టర్, పికర్, ప్లక్కర్, కటర్. తొడిమకు స్టాక్, స్టెమ్, పెడిసెల్, పెడంకిల్. సొనకు సాప్, లేటెక్స్, ఎక్సుడేట్. మామిడి అని మాత్రమే వెతికితే సగం పత్రాలు జారిపోతాయి, ఎందుకంటే రాసినవాళ్లు చాలామంది 'ఫ్రూట్' అనే రాస్తారు. ఆపిల్, అవకాడో, నిమ్మ, కొబ్బరి కోసే పనిముట్లూ మనకు అడ్డొచ్చే పాత విద్యలే. పండు వేరైనంత మాత్రాన పరికరం కొత్తదైపోదు.

గూగుల్ పేటెంట్స్

వేగం, సౌలభ్యం దీని బలం. మాటలు కొట్టగానే బొమ్మలతో సహా పత్రాలు వస్తాయి. చేతిదోటి లాంటి వాటికి బొమ్మలే ప్రాణం. పేజీల కొద్దీ చదవనక్కర్లేదు, బొమ్మ చూడగానే సగం తేలిపోతుంది. పండు కోసే కర్రల మీద పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పేటెంట్లు కూడా ఇందులో దొరుకుతాయి. తాడు లాగితే మూసుకునే కత్తి, కింద గుడ్డసంచి, అన్నీ అప్పటివే. కాబట్టి మన ఐదు ముక్కల్లో మొదటి రెండింటి మీద ఆశ ఇక్కడే వదిలేసుకోవాలి. చైనా వాళ్ల యుటిలిటీ మోడళ్లు (చిన్న మెరుగుదలలకు ఇచ్చే చిన్నపాటి పేటెంట్లు) కూడా ఇంగ్లీషు అనువాదంతో వస్తాయి. ఇలాంటి చిన్న పనిముట్ల మీద చైనా పత్రాలు కుప్పలుగా ఉంటాయి, వాటిని చూడకుండా వెతకడం అయిందనుకోకూడదు.

దగ్గరి పత్రం ఒకటి దొరికిందంటే అసలు పని అప్పుడు మొదలవుతుంది. పేజీ అడుగున అది ఉదహరించిన పాత పత్రాలు, దాన్ని ఉదహరించిన కొత్త పత్రాలు, పోలికగల పత్రాలు అని మూడు వరుసలు ఉంటాయి. మాటలతో వంద సార్లు వెతికే కన్నా ఒక మంచి పత్రం పట్టుకుని ఈ వరుసల వెంట ముందుకీ వెనక్కీ నడవడం మేలు. మాటకు దొరకనిది ఇక్కడ దొరుకుతుంది.

లోపాలు రెండు. భారత పత్రాలు ఇందులో పూర్తిగా ఉండవు. ఉన్నవాటిలోనూ చాలాసార్లు పేరు, తేదీ తప్ప లోపలి వివరం ఉండదు. రెండోది, పేటెంట్ బతికుందా లేదా అని చూపించే గుర్తు అంచనా మాత్రమే, న్యాయపరమైన నిర్ధారణ కాదని ఆ పేజీలోనే రాసి ఉంటుంది. దాన్ని నమ్మి సరుకు తయారీకి దిగకూడదు.

ఎస్పాస్‌నెట్

దీన్ని తెరవాల్సింది వర్గీకరణ సంఖ్య కోసం. లోకంలోని పేటెంట్లన్నిటినీ విషయాన్ని బట్టి గూళ్లలో సర్దారు. పండ్లు, కూరగాయలు కోసే సాధనాలది ఎ01డి 46 (A01D 46) గూడు. అందులో 46/24 ఆపిల్ వంటి పండ్లు కోసే పరికరాలది, దాని కింద 46/247 చేత్తో వాడే పనిముట్లది. కోసిన తర్వాత తొడిమ తీసే యంత్రమైతే గూడు మారిపోతుంది: ఎ23ఎన్ 15/02 (A23N 15/02). సంఖ్య తెలిశాక భాషతో పని ఉండదు. రాసినవాడు ఏ భాషలో రాసినా, ఏ పేరు పెట్టినా పత్రం అదే గూట్లో ఉంటుంది. ఆ సంఖ్యకు 'సాప్' లేదా 'లేటెక్స్' అన్న ఒక్క మాట జోడించి మిగతా రెండు సేవల్లోనూ వెతకవచ్చు. మూడు, నాలుగు, ఐదో ముక్కల సంగతి తేలేది ఇలాగే. ఒకే పేటెంటు ఏయే దేశాల్లో దాఖలైందో కుటుంబంగా చూపించడం దీని రెండో మేలు. భారత్ ఆ జాబితాలో ఉందా లేదా అన్నది తర్వాత పనికొస్తుంది.

ఇన్‌పాస్

నిజాయితీగా చెప్పాలంటే, వాడుకలో మూడింటిలో ఇది చివరిది. ప్రతి సెర్చ్‌కూ క్యాప్చా కొట్టాలి, కాసేపు వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. బొమ్మలు ఫలితాల జాబితాలో కనబడవు, ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. అయినా దీన్ని వదిలేస్తే మొత్తం శ్రమ వృథా. మన దేశంలో దాఖలై ప్రచురితమైన దరఖాస్తులు పూర్తిగా ఉండేది ఇక్కడే. మామిడి దోటి మీద ఆలోచించేవాళ్లు రత్నగిరిలోనూ లక్నోలోనూ ఉంటారు కదా, మనకు పోటీ వాళ్లే.

వాడే తీరు ఇది. పైన 'పబ్లిష్డ్', 'గ్రాంటెడ్' అని రెండు గడులు ఉంటాయి, రెండూ టిక్ చేయాలి. చాలామంది 'గ్రాంటెడ్' మాత్రమే పెట్టి, ఏమీ రాలేదని సంతోషపడతారు. కొత్తదనాన్ని చంపడానికి పేటెంటు మంజూరై ఉండనక్కర్లేదు, ప్రచురితమైతే చాలు. మాటలను ముందు 'టైటిల్'లో, తర్వాత 'అబ్‌స్ట్రాక్ట్'లో, చివరగా 'కంప్లీట్ స్పెసిఫికేషన్' (పూర్తి వివరణ పత్రం)లో వెతకాలి. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే హార్వెస్ట్, హార్వెస్టర్, హార్వెస్టింగ్ ఒకేసారి వస్తాయి. పేర్లలో అక్షరదోషాలు ఉంటాయి కాబట్టి ఆ గుర్తు తప్పనిసరి. తర్వాత ఐపీసీ (అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణ) గడిలో ఆ వర్గీకరణ సంఖ్య వేసి మరోసారి చూడాలి.

ఇన్‌పాస్‌లో అసలు నిధి సెర్చ్ పెట్టెలో లేదు. ఏ దరఖాస్తునైనా తెరిచి 'అప్లికేషన్ స్టేటస్'లోకి, అక్కడి నుంచి పత్రాల జాబితాలోకి వెళ్తే, ఎగ్జామినర్ రాసిన మొదటి పరీక్షా నివేదిక, దానికి దరఖాస్తుదారు ఇచ్చిన జవాబు, విచారణ నోటీసు, కంట్రోలర్ నిర్ణయం వరుసగా ఉంటాయి. మన దోటికి దగ్గరగా ఉన్న ఒక దరఖాస్తు తీసుకుని ఆ నివేదిక చదివితే, ఎగ్జామినర్ ఏ పాత పత్రాలను ఎత్తి చూపారో, ఏ క్లెయిమును (రక్షణ కోరిన అంశాన్ని) ఏ కారణంతో కొట్టేశారో తెలుస్తుంది. మన దరఖాస్తుకు రేపు రాబోయే అభ్యంతరాలు దాదాపు అవే. జీతం తీసుకునే నిపుణుడు చేసిన వెతుకులాటను ఊరికే చదువుకునే అవకాశం ఇది. ఈ ఒక్క సౌకర్యం కోసం ఇన్‌పాస్ బాధలన్నీ భరించవచ్చు.

మంజూరైన పేటెంట్ల దగ్గర ఇంకొకటి చూడాలి: ఫారం 27. పేటెంటు పొందినవారు దాన్ని దేశంలో నిజంగా వాడుకలో పెట్టారా లేదా అని ప్రభుత్వానికి చెప్పే పత్రం అది. 2024 నిబంధనలతో మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి ఇస్తే చాలన్నారు, అందులో వివరాలూ తగ్గాయి. అంతకు ముందు దాఖలైన వాటిలో ఎంత ఆదాయం వచ్చిందో కూడా ఉండేది. మన ఐడియా లాంటి పేటెంట్ల ఫారం 27లు వరుసగా తెరిచి 'నాట్ వర్క్‌డ్' (వాడుకలో పెట్టలేదు) అన్న మాటే కనబడుతుంటే, అది పోటీ లేదన్న శుభవార్త అనుకోకూడదు. కొనేవాళ్లు లేరేమోనన్న అనుమానం అక్కడే మొదలవ్వాలి.

పేటెంట్ కార్యాలయం ఇ-రిజిస్టరులో రెన్యువల్ ఫీజు కట్టారో లేదో కనబడుతుంది. కట్టక రద్దయిన పేటెంటును 18 నెలల లోపు పునరుద్ధరించుకునే హక్కు ఉంటుంది. ఆ గడువు కూడా దాటితే అందులోని విద్య ఎవరైనా వాడుకోవచ్చు. అలాగే అమెరికాలోనో చైనాలోనో మాత్రమే పేటెంటు ఉండి ఇక్కడ దాఖలు కాకపోతే, దాన్ని ఇక్కడ తయారు చేసి ఇక్కడే అమ్మడానికి అడ్డు లేదు. మన పేరుతో పేటెంటు రాదు, అంతే. పేటెంటు వస్తుందా అన్నది ఒక ప్రశ్న, తయారు చేసి అమ్మవచ్చా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసుకుని, పేటెంటు రాదని తెలియగానే బాగా అమ్ముడుపోయే పనిముట్టును అటక మీద పడేసేవాళ్లు ఉన్నారు. అది తప్పు.

ఏ సేవలోనూ కనబడనివి

దరఖాస్తు దాఖలైన రోజు నుంచి 18 నెలల దాకా మామూలుగా ప్రచురితం కాదు. అంటే నిన్న మొన్న వేసిన దరఖాస్తులు ఎంత వెతికినా దొరకవు. పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. దాఖలు చేసే దాకా దాన్ని తిరగేస్తూ ఉండటం తప్ప వేరే దారి లేదు.

దీనికన్నా పెద్ద గుడ్డిచోటు, పేటెంటే లేని పనిముట్లు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ, లక్నోలోని ఉపోష్ణ ఉద్యాన పరిశోధన సంస్థ, కొంకణ్‌లోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం మామిడి కోత దోటులను ఎప్పుడో తయారు చేశాయి. దాపోలి వారి 'నూతన్' దోటి తొడిమతో సహా కోయడానికే వచ్చింది. ఇలాంటివి కరపత్రాల్లో, వార్షిక నివేదికల్లో, మేళాల్లో ఉంటాయి; ఎగ్జామినర్ చేతికి అందితే పేటెంటు పత్రానికున్న బలమే వాటికీ ఉంటుంది. కాబట్టి వెతుకులాటలో ఒక పూట ఇంటర్నెట్ అంగళ్లకు, యూట్యూబుకు, ఒక పూట తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఎస్వీ వ్యవసాయ కళాశాల వంటి చోట్ల వాకబుకు కేటాయించాలి. అడిగేటప్పుడు "మామిడి కోతకు ఏయే దోటులు వచ్చాయి" అని మాత్రమే అడగండి. మన ఐదు ముక్కల సంగతి బయటపెట్టకండి.

చట్టంలో సెక్షన్ 3 కూడా ఒకసారి చదవాలి. వ్యవసాయ పద్ధతికి పేటెంటు రాదు. "ఈ టైములో, ఈ కోణంలో కోస్తే సొన పడదు" అన్నది పద్ధతి, దాన్ని చేసే పరికరం వేరు. విడివిడిగా తమ పని తాము చేసుకునే తెలిసిన వస్తువులను పక్కపక్కన బిగించినంత మాత్రాన ఆవిష్కరణ కాదు. దోటికి టార్చిలైటు కట్టడం ఈ కోవలోకి వస్తుంది. మన కత్తి, పట్టకారు ఒకే తీగ లాగుతో వరుసగా పనిచేసి, కాయ బరువుతోనే అది తిరగబడేలా చేస్తే, ముక్కలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తున్నాయని వాదించవచ్చు. బలం ఏదైనా ఉంటే ఆ జోడింపులోనే ఉంది.

లెక్క వేస్తే

ఇప్పటిదాకా చేసింది సులువైన భాగం. వెతుకులాటలో ఐడియా నిలిచిందనే అనుకుందాం. సొన మచ్చ ఎవరికి నష్టం?

చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. అక్కడ తొక్క తీసి పారేస్తారు. తొక్క మీద నల్లమచ్చ ఉన్నా లేకున్నా ధర మారదు. 2025 సీజన్లో ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 అందేలా నిర్ణయించాల్సి వచ్చింది. ఆ కాయకు సొన పట్టే గిన్నె ఎందుకు? తోతాపురిలో దోటి చేయగల మేలు ఒక్కటే, కింద పడి దెబ్బ తినే కాయను తగ్గించడం. బేనీషా (బంగినపల్లి) కథ వేరు. అది చూసి కొనే కాయ, మచ్చ ఉంటే మండీలో పక్కకు తీస్తారు.

అంకెలు ఊహించుకుని చూద్దాం. మీ తోటలో అంకెలు వేరైతే అవే వేసుకోండి. దోటి ధర 2,500. కూలి రోజుకు 700, మామూలు చిక్కంతో మనిషి రోజుకు 700 కిలోలు కోస్తాడు. కిలోకు రూపాయి పడింది. కొత్త దోటిలో కాయను పట్టుకోవడం, తిప్పడం, సొన కారేదాకా ఆగడం ఉన్నాయి కాబట్టి 500 కిలోలకు తగ్గాడనుకుంటే కిలోకు 1.40 అవుతుంది. టన్నుకు 400 రూపాయలు అదనపు కూలి. తోతాపురిలో నూటికి రెండు కాయలు దెబ్బ తినకుండా మిగిలితే టన్నుకు 20 కిలోలు, 240 రూపాయలు. అంటే టన్ను కోసిన ప్రతిసారీ 160 నష్టం. బేనీషాలో నూటికి ఐదు కాయలు మచ్చ లేకుండా మిగిలి, కిలోకు 10 రూపాయలు తేడా వస్తే టన్నుకు 500. కూలి పోను 100 మిగిలింది. దోటి ఖరీదు రావడానికి 25 టన్నులు కోయాలి. అదే మనిషి 650 కిలోలు కోయగలిగితే అదనపు కూలి టన్నుకు 77 రూపాయలే, ఆరు టన్నులకే ఖరీదు వచ్చేస్తుంది. ఈ పనిముట్టు భవిష్యత్తు తేల్చేది సొన గిన్నె కాదు, గంటకు ఎన్ని కాయలన్నదే.

ఇంకో చిక్కు. చాలా తోటల్లో కాపును వ్యాపారి గుత్తకు కొంటాడు, కోత ముఠా మేస్త్రీ చేతిలో ఉంటుంది. దోటి కొనాల్సింది మేస్త్రీ, వేగం తగ్గితే నష్టపోయేదీ మేస్త్రీయే. మచ్చ లేని కాయతో లాభపడేది మాత్రం వ్యాపారి. డబ్బు పెట్టేవాడూ లాభపడేవాడూ వేరైన చోట మంచి పనిముట్లు కూడా అమ్ముడుపోవు. కొనుగోలుదారుగా ఎవరిని ఎంచుకోవాలో ఇక్కడే తేల్చాలి: బేనీషా, ఇమామ్ పసంద్ వేసి స్వయంగా కోయించి డబ్బాల్లో పంపే రైతు, లేదా ఎగుమతి ప్యాక్‌హౌసు. ఆ సంఖ్య చిన్నదైతే అచ్చుల ఖర్చు పెట్టకూడదు.

తోటలో పరీక్ష

చవక నమూనా ఒక్కటి చాలు. 25 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం, 1.5 మిల్లీమీటర్ల మందం అయితే మీటరుకు సుమారు 300 గ్రాములు. నాలుగు మీటర్లకు కిలో 200. బరువు పెరగకుండా చూసుకోవాల్సింది కొసన. నాలుగు మీటర్ల అవతల 100 గ్రాములు పెరిగితే చేతికి మీటరు దూరంలో 400 గ్రాములు పెరిగినంత భారం. గిన్నె, స్ప్రింగు, పట్టకారు అంటూ కొసన అరకిలో చేర్చిన నమూనాలు గంట తర్వాత ఎవరూ ఎత్తరు. ఇక్కడ ఒక హెచ్చరిక: తోటల మీదుగా కరెంటు తీగలు పోతుంటాయి. అల్యూమినియం కర్ర వాటికి తగిలితే ప్రాణం పోతుంది. అమ్మే వస్తువుకు ఫైబర్‌గ్లాస్ కర్రే వాడాలి, అది కూడా తడి లేకుండా ఉంటేనే కాపాడుతుంది. ఆ ఖర్చు లెక్కలో మొదటి నుంచే ఉండాలి.

కత్తిని లాగడానికి నైలాన్ తాడు కట్టడం అందరూ చేసే పొరపాటు. అది సాగుతుంది; కింద లాగింది పైన సగమే చేరుతుంది, తొడిమ తెగక నలుగుతుంది, నలిగిన చోట సొన మరింత చిమ్ముతుంది. 1.5 మిల్లీమీటర్ల స్టీలు తీగ మేలు. సొన ఎండితే జిగురై కీలు పట్టేస్తుంది కూడా, రెండు గంటలకోసారి తుడవాల్సి వస్తే ఆ సమయాన్నీ లెక్కలో కలపాలి.

పరీక్షకు ఇద్దరు కోత మనుషులు, ఒకే ఎత్తున్న చెట్లు, పాత చిక్కంతో 200 కాయలు, కొత్త దోటితో 200 కాయలు. సగం అయ్యాక మనుషులను మార్చాలి, లేకపోతే నేర్పు తేడాను పనిముట్టు తేడా అనుకుంటాం. రెండు పద్ధతులనూ ఒకే పూట పెట్టాలి. ఉదయం సొన చిమ్మే జోరు మధ్యాహ్నం ఉండదు. రాసుకోవాల్సినవి: పట్టిన సమయం, కింద పడినవి, ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండా తొడిమ నిలిచినవి, 48 గంటల తర్వాత మచ్చ తేలినవి. మచ్చ అప్పటికప్పుడు కనబడదు, అదే రోజు లెక్కపెడితే అంకె అబద్ధం చెబుతుంది. పోలికలో మూడో పద్ధతి కూడా పెట్టండి: పొడుగు తొడిమతో మామూలుగా కోసి, నీడలో కాయలను తలకిందులుగా ఆన్చి తొడిమ విరిచి సొన కార్చేయడం. పెట్టుబడి లేని ఈ పాత పద్ధతిని గెలవలేకపోతే ఆ ఐడియాను అక్కడే ఆపేయాలి.

దాఖలు ఎప్పుడు, ఎంత

తోటలో పరీక్షకు ముందే ప్రొవిజనల్ దరఖాస్తు (పూర్తి వివరం తర్వాత ఇస్తామంటూ వేసే తొలి దరఖాస్తు) వేయడం క్షేమం. తోటలో పదిమంది చూశాక, వాట్సాప్‌లో వీడియో తిరిగాక కొత్తదనం నిలబెట్టుకోవడం కష్టం. చట్టం ఇచ్చే మినహాయింపులు చాలా ఇరుకైనవి. వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600. అక్కడి నుంచి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. దరఖాస్తును పేటెంట్ కార్యాలయం పరీక్షించాలని కోరే ఫారం 18కి 4,000, మొదటి దాఖలు నుంచి 31 నెలల లోపు. దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉంటే త్వరిత పరీక్ష అడగవచ్చు, దానికి 8,000. మన రాష్ట్రం చెన్నై కార్యాలయం పరిధిలో ఉంది కానీ, ఆన్‌లైన్‌లో వేసేవాళ్లు అక్కడికి వెళ్లనక్కర్లేదు.

మామిడి పనిముట్టుకు 12 నెలల గడువులో ఒక మెలిక ఉంది. ఆగస్టులో దాఖలు చేస్తే తొమ్మిది నెలలు కాయే ఉండదు, పరీక్షకు చివరి మూడు నెలలే. మే నెల చివర్లో దాఖలు చేస్తే ఈ ఏడాది మిగిలిన కోతల్లో మొదటి పరీక్ష, మధ్యలో మార్పులు, మళ్లీ వచ్చే ఏడాది బేనీషా కోతల్లో రెండో పరీక్ష. రెండు సగం సీజన్లు ఒకే గడువులో దొరుకుతాయి.

డబ్బు తీసుకుని వెతికిపెట్టేవాళ్లు

ఉచిత సేవల్లో నిలిచిన ఐడియాకు మాత్రమే ఏజెంటు దగ్గర పేటెంటబిలిటీ సెర్చ్ (పేటెంటు వచ్చే వీలుందా అని తేల్చే వెతుకులాట) చేయించాలి. రిపోర్టులో వాడిన సెర్చ్ మాటలు, వర్గీకరణ సంఖ్యలు, వెతికిన తేదీ, దగ్గరి పత్రాల నంబర్లు, మన ఐదు ముక్కల్లో ఏది ఏ పత్రంలో ఉందో చూపే పట్టిక ఉండాలని ముందే రాయించుకోండి. ఆ పట్టిక లేని రిపోర్టు ఎన్ని పేజీలున్నా పనికిరాదు. "పేటెంటు గ్యారంటీ" అన్నా, "ప్రపంచ పేటెంటు ఇప్పిస్తాం" అన్నా లేచి వచ్చేయాలి. అలాంటి పేటెంటు లోకంలో లేదు. డిజైన్ రిజిస్ట్రేషన్‌ను పేటెంటని చెప్పి చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. అది ఆకారానికే రక్షణ, పనిచేసే తీరుకు కాదు. ఏజెంటు పేరు పేటెంట్ కార్యాలయం సైటులోని నమోదిత జాబితాలో ఉందో లేదో చూడటం రెండు నిమిషాల పని.

పెద్ద చదువు లేని పల్లె ఆవిష్కర్తలకు గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్, తెలుగు నేల మీద పల్లె సృజన తోడుంటాయి. నేతకు ముందు నూలు చుట్టే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నిలిచింది ఇంట్లో రోజూ భుజాలు నొప్పెట్టే పనిని తీర్చినందుకు. దోటి ఆలోచనకు కూడా ఆ గీటురాయే పెట్టాలి.

ఈ మూడు సేవలకూ ఉన్న పెద్ద కొరత, తెలుగులో అడిగితే ఏదీ పలకదు. మన పేటెంట్ దస్తావేజులు ఉండేది ఇంగ్లీషు, హిందీల్లోనే. అందుకే తోట తెలిసిన మనిషి, ఇంగ్లీషు తెలిసిన విద్యార్థి పక్కపక్కన కూర్చుని వెతకాలి. సొన తొడిమ విరిచిన క్షణంలో చిమ్ముతుందని, ఆ తర్వాత మెల్లగా కారుతుందని విద్యార్థికి తెలియదు. చిమ్మడానికి 'స్పర్ట్' అని, కారడానికి 'ఊజ్' అని రెండు మాటలున్నాయని రైతుకు తెలియదు. ఆ రెండు మాటలనూ జాబితాలో చేర్చి, నక్షత్రం గుర్తు పెట్టి, ఎ01డి 46/24తో కలిపి ఇన్‌పాస్‌లో ఇంకోసారి వెతకండి.